నడిచే ఓడలో ఖిబ్లా

స్టాక్‌హోం నుంచి హెల్సింకీకి ఓడలో ఒక్క రాత్రి ప్రయాణం. కార్లు పెట్టే అంతస్తుకి కింద, కిటికీ లేని గది చవకని అదే తీసుకున్నాం. అసర్ వేళకి వుజూ చేసుకుని, రెండు మంచాల మధ్య వున్న కాస్త జాగాలో తువ్వాళ్లు పరిచాం. ముసాఫిర్లం కాబట్టి నాలుగు రకాతులకి రెండే. ఇనప గోడల మధ్య ఫోనులోని సూది ఒకచోట నిలవలేదు. పైకెళ్లి సూర్యుణ్ణి చూసి దిక్కు లెక్కేసుకొచ్చాం. కానీ ఆ దారి మొదటి కొన్ని గంటలూ సముద్రంలా వుండదు. వేల దీవులు. వాటి సందుల్లోంచి, పాతబస్తీ గల్లీలో బస్సు పోయినట్టు, ఓడ వంకరలు తిరుగుతూ పోతుంది. రెండో రకాతుకి లేచేసరికి కాబా ఏ గోడవైపు వుందో మాకు తెలియలేదు.

ఓడ తిరిగితే దాంతోపాటు తిరగాలి, చేతకాకపోతే మనసులో దిక్కు చాలు అని చిన్నప్పుడు మా వూరి హజ్రత్ చెప్పేవాడు. గోదావరి లాంచీ కూడా ఎక్కని మనిషి ఆయన. మాట మాత్రం బాగుంది. మనసు ఎటు తిరిగివుందో అల్లాకి తెలుసు. మరి మనుషులకి ఎవరు రుజువు చూపాలి? ఈ ప్రశ్న మాకు నమాజులో కంటే బయటే ఎక్కువ ఎదురైంది.

అర్ధరాత్రి వేళ ఓడ ఒక చిన్న రేవులో ఆగింది. మరియెహామ్న్, ఆలాండ్ దీవుల రాజధాని. దిగేవాళ్లు కొద్దిమందే. మరెందుకు ఆగడం? సారాయి కోసం. యూరోపియన్ యూనియన్ లోపలి ప్రయాణాల్లో పన్నులేని సరుకు అమ్మకాన్ని 1999లో ఎత్తేశారు. ఆలాండ్ మాత్రం 1995లో యూనియన్‌లో చేరేటప్పుడే ఆ పన్నుల పరిధికి బయట వుండేట్టు రాయించుకుంది. ఆ రేవుని తాకిన ఓడ చవగ్గా మందు అమ్ముకోవచ్చు. మేం ఆ కొట్లోంచి బిస్కెట్ల పొట్లంతో బయటపడ్డాం.

ఆ దీవుల కథ మాకు అంతకుముందే కొంత తెలుసు. ఫిన్లాండ్ దేశం, స్వీడిష్ మాట్లాడే జనం. 1917లో రష్యా నుంచి ఫిన్లాండ్ విడిపోయినప్పుడు ఆలాండ్ వాళ్లు మాకీ దేశం వద్దు, మమ్మల్ని స్వీడన్‌లో కలపండి అన్నారు. పెద్దవాళ్లలో దాదాపు అందరూ సంతకాలు పెట్టారు. 1920లో ఫిన్లాండ్ వాళ్ల నాయకులు సుండ్‌బ్లూమ్, బ్యోర్క్‌మన్‌లను రాజద్రోహం కింద అరెస్టు కూడా చేసింది. తగువు నానాజాతి సమితికి పోయింది. 1921లో తీర్పు వచ్చింది. దీవులు ఫిన్లాండ్‌వే. కానీ వాళ్ల భాషకీ, బడికీ, భూమికీ హామీ ఇవ్వాలి. ఇచ్చారు. నిలబెట్టుకున్నారు. ఇవాళ వాళ్లకి ముప్ఫై మంది సభ్యుల సొంత శాసనసభ, సొంత జెండా వున్నాయి. అక్కడి యువకులకి నిర్బంధ సైనిక సేవ లేదు.

పైన డెక్కు మీద ఒక ముసలాయన రైలింగు పట్టుకుని నిలబడి వున్నాడు. జూన్ నెల, ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు. ఆలాండే మాది, దిగాలి అన్నాడు. మాటల్లో మాటగా అడిగాం. అక్కడ ఐస్ హాకీ అంటే మనకి క్రికెట్ లాంటిది. ఫిన్లాండ్, స్వీడన్ ఆడితే మీరెవరి వైపు?

"స్వీడన్" అన్నాడు. అడగాల్సిన సంగతే కాదన్నట్టు. వెనక్కి తిరిగి ఎవరన్నా విన్నారా అని చూడలేదు. గొంతు తగ్గించలేదు. కొట్లో కొన్న సంచీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

మేం చాలాసేపు మాట్లాడుకోలేదు.

మమ్మల్ని ఎవరన్నా అడిగితే, ప్రశ్న పూర్తికాకముందే ఇండియా అంటాం. అబద్ధం కాదు. కపిల్ దేవ్ కప్పు ఎత్తిన 1983 రాత్రి మా వీధిలో మేమే ముందు అరిచాం. కానీ ఆ జవాబు ఎక్కణ్ణించి వస్తోంది, ప్రేమ నుంచా, అలవాటైన భయం నుంచా? ఇదీ మా అసలు బాధ. నిరూపించమని వెంటపడి అడిగే ప్రేమ ఎంత నిజమో అడిగేవాడికే కాదు, ప్రేమించేవాడికీ తెలీకుండా పోతుంది. ఆ ముసలాయనకి తన మనసు తెలుసు, ఎవరూ అడగలేదు గనక.

దేశం వద్దని సంతకం పెట్టినవాళ్లకి హామీలు దొరికాయి. మా జిల్లాల్లో ఏ సంతకమూ పెట్టని రైతులూ దర్జీలూ నవాబు పేరు చెప్పి బలయ్యారు. 1948 పోలీసుచర్య తర్వాత నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా వుంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంట పడలేదు. రజాకార్ల దుర్మార్గం దుర్మార్గమే, దాన్ని కప్పిపుచ్చే పని మాది కాదు. కానీ ఇప్పటికీ బాకీ వసూలు చేసేది ఎవరి మనవల దగ్గర?

మన రాజ్యాంగంలో 29, 30 అధికరణాలు వున్నాయిగా అంటారు. వున్నాయి. వాటిమీద మాకు ఫిర్యాదు లేదు. కాగితం మీద హక్కున్నవాడు వీధిలో దయ మీద బతుకుతున్నాడన్నదే ఫిర్యాదు.

అలాగని ఆలాండ్‌ని జన్నత్ చెయ్యబోవడం లేదు. అక్కడ భూమి కొనాలంటే ఐదేళ్లు కాపురముండాలి, ఫిన్లాండ్ పౌరసత్వం, స్వీడిష్ భాష రావాలి. ఫిన్నిష్ ఇంటిభాషగా వున్నవాళ్లు అక్కడ వందకి ఐదుగురు దాకా వుంటారు. వాళ్లకి వాళ్ల దేశంలోనే ఆ తలుపు మూసుకుని వుంటుంది. ఇది చదివినప్పుడు మా ఇంట్లో తెలుగే మాట్లాడతామని గుర్తొచ్చింది. ఉర్దూ రాని దూదేకుల సాయిబుని మస్జిద్‌లో వెనక వరసకి తోసింది కూడా బయటివాళ్లు కాదు. రేపు మన కోటకి హామీ దొరికితే తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందో మనమూ చూసుకోవాలి.

తిరిగొచ్చాక పాకిస్తాన్‌తో మ్యాచ్ వచ్చింది. ఈసారి ఎవరికీ ఏమీ చూపించొద్దని టీవీ కట్టేసి కూర్చున్నాం. కాసేపటికి పక్కింటాయన గడపలోంచి తొంగిచూశాడు. మంచివాడే, పండక్కి సేమ్యా తినిపోతాడు.

"ఏం భాయ్, చూట్టం లేదా?" అన్నాడు.