సమాధి దగ్గర కన్నీళ్ళు

అమ్మ పోయాక కొన్నాళ్ళు చర్చికి వెళ్ళడం మానేశాను. దేవుడే మనిషయ్యాడని చిన్నప్పట్నుంచీ అప్పజెప్పానే గానీ, అర్థమై మటుకు కాదు. ఆ మాటకొస్తే 325లో నైసియాలో బిషప్పులంతా కూడి వాదించుకున్నదీ దీని గురించే! కుమారుడు కూడా సృష్టింపబడ్డవాడే అన్నాడు అరియస్. కాదు, తండ్రీ కుమారుడూ ఒకే తత్వమని సభ తేల్చింది. తేల్చిందన్న మాటే గానీ, తగవు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నడిచింది. మగవాళ్ళ తగవులు అంత తొందరగా తెములుతాయా!

నా చిక్కు యోహాను సువార్త 11వ అధ్యాయం దగ్గర. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని యేసుకి తెలుసు. తెలిసీ ఆ సమాధి దగ్గర ఎందుకు ఏడ్చాడు? దేవుడైతే ఏడవక్కర్లేదు. మనిషైతే లేపలేడు.

అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా "పరలోకంలో సుఖంగా ఉందమ్మా" అన్నారు. నిజమే కావచ్చు, నాకు ఒళ్ళు మండింది. పక్కింటి పిన్నిగారు మాత్రం ఏమీ అనలేదు. చాపమీద నా పక్కనే కూర్చుని నాతోపాటు ఏడ్చి, లేచి వంటింట్లోకెళ్ళి చారు పెట్టారు.

అన్నీ తెలిసి, ఏడవకుండా నిలబడ్డ దేవుడైతే ఆవిడపాటి కూడా చేయడనిపించింది నాకు.

మళ్ళీ ఆదివారాలు వెళ్తున్నాను. విశ్వాస ప్రమాణంలో ఆ వాక్యం వచ్చేసరికి ఇప్పటికీ గొంతు కాస్త తగ్గుతుంది.