కాలదోషము

అప్పుపత్రమునకు మూడేండ్లు దాటినచో కాలదోషము పట్టునని మనలో బడిముఖము చూడనివారికిని తెలియును. ఇల్లువాకిళ్లకు గడువు 12 ఏండ్లు. ఇది పరమధర్మమని కాదు. తగవులకు తుది యొకటి యుండవలెనని పెద్దలు చేసికొన్న కట్టుబాటు. అయితే దేశమును పోగొట్టుకొన్న జాతి యెన్నేండ్లవరకు దాని నడుగవచ్చును? పాలస్తీనా విషయమున వచ్చినంత కఠినముగా ఈ ప్రశ్న మఱియెచ్చటను వచ్చినట్లు నాకు తోపదు.

క్రీ. శ. 70లో రోమకులు తమ దేవాలయమును కూలద్రోసినది మొదలు యూదులు నిత్యప్రార్థనలలో యెరూషలేమును మఱవలేదు. కాని ప్రార్థన వేఱు, పట్టా వేఱు. రష్యాలో వారి ఇండ్లు తగులబడిన పిమ్మట ఆ ప్రార్థన రాజకీయమయ్యెను. 1917 నవంబరు 2న ఆంగ్లమంత్రి బాల్ఫరు, పాలస్తీనాలో యూదులకొక జాతీయనివాస మేర్పడుటకు తోడ్పడుదుమని జాబు వ్రాసెను. ఇచ్చువానిది కాని భూమి! అచ్చటి జనులలో నూటికి 90 మందివఱకు అరబ్బులు. ఆ జాబులో వారి పేరైన లేదు, యూదులుకాని వారని మాత్రమే యున్నది.

తరువాత హిట్లరు వచ్చెను. ప్రపంచమంతయు తలుపులు మూసికొన్న కాలమున, 1939లో ఆంగ్లప్రభుత్వము పాలస్తీనాలోనికిని అయిదేండ్లలో 75,000 మందిని మాత్రమే రానిత్తుననెను. యూదులను అరబ్బులపై రుద్దుట అన్యాయమని 1938లో గాంధీమహాత్ముడు వ్రాసి, జర్మనీలోని యూదులకు సత్యాగ్రహము నుపదేశించెను. మార్టిన్ బూబరు అను యూదపండితుడు మరుసటియేడు వేదనతో బదులు వ్రాసెను. మహాత్ముని మొదటిమాట సరియైనదే. రెండవది మంటలలో నున్నవానికి చెప్పదగిన మాట కాదని నా తలంపు. దాదాపు 60 లక్షలమంది చంపబడిరి. ఆ పాపము ఐరోపాది. పరిహారము చెల్లించినది అరబ్బు రైతు.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి 33 ఓట్లకు 13 ఓట్లతో దేశమును పంచెను. మన దేశము వ్యతిరేకించెను. జనులలో మూడవవంతైన యూదులకు సగమునకు మించిన నేల వచ్చుటను అరబ్బు లొప్పరైరి. 1948 ఏప్రిలు 9న డెయిర్ యాసీన్‌లో నూర్గురకు పైగా గ్రామస్థులు హతులైరి. నాలుగు దినములకే వైద్యులు, దాదులు పోవుచున్న బండ్లపై అరబ్బులు పడి డెబ్బదిమందికి పైగా చంపిరి. మే 14న ఇజ్రాయెల్ ప్రకటింపబడెను. మఱునాడు అరబ్బు రాజ్యముల సేనలు చొచ్చెను. 1949లో సంధి పత్రములు వ్రాసికొనునాటికి రమారమి ఏడులక్షల అరబ్బులు కాందిశీకులైరి. ఇంటితాళపుచెవులు కొంగున ముడివేసికొని పోయినవా రెందఱో!

ఇచ్చటనే కాలదోషపు లెక్క తలక్రిందులైనది. కాందిశీకులను మరల ఇండ్లకు రానీయవలెనని సమితి 1948 డిసెంబరు 11న తీర్మానించినను అది జరుగలేదు. 1950లో ఇజ్రాయెల్ రెండు శాసనములు చేసెను. ఒకటి లోకములోని యే యూదుడైనను వచ్చి నివసింపవచ్చుననునది. రెండవది గైర్హాజరైన వారి ఆస్తి సర్కారు రక్షకునికి చెందుననునది. పందొమ్మిది శతాబ్దముల జ్ఞాపకమునకు పట్టని కాలదోషము రెండేండ్ల జ్ఞాపకమునకు పట్టినదా? అరబ్బునైనను నే నడుగుదును: నీ మనుమడు ఆ తాళపుచెవిని దాచుకొనుట న్యాయమైనచో, యూదుని మనుమడు యెరూషలేమును దాచుకొనుట పిచ్చి యెట్లగును? బాగ్దాదులో శతాబ్దములుగా నున్న యూదులను 1950, 51లలో ఇల్లు, అంగడి విడిచి విమానమెక్కునట్లు చేసినవారికి ఆ మాట యనుటకు నోరెట్లు వచ్చును? అయినను ఒకరి కన్యాయము జరిగినదని మఱియొకరి బాకీ చెల్లిపోదు. బాగ్దాదు యూదుని ఇల్లు తీసికొన్నది పాలస్తీనా రైతు కాడు గదా.

సఫ్ఫూరియా యను గ్రామమువారి కథ వినుడు. 1948 జూలైలో ఊరు పడిపోగా అందు కొందఱు కొన్నిమైళ్ల దూరమున నున్న నజరేతులో తలదాచుకొనిరి. నజరేతును ఇజ్రాయెల్ వశమాయెను. వారు ఆ రాజ్యపు పౌరులైరి, ఓటువేసిరి, పన్ను కట్టిరి. కాని తమ పొలముల విషయమున మాత్రము వారు గైర్హాజరైనవారే. ఉండియు లేనివారు! 1949లో ఆ నేలయందు యూదుల పల్లె వెలసెను. నజరేతులో వారుండు పేటను నేటికిని ఆ పాత యూరి పేరుతోనే పిలుతురు.