డీసెంటు అను మాట

“అబ్బాయి ఉద్యోగము బాగున్నది. ఇల్లు డీసెంటు ప్రాంతముననే కదా?” పెండ్లి సంబంధమునకై వచ్చిన పెద్దలు అడుగు ప్రశ్న యిది. కామాఠీపురాలో పుట్టి పెరిగిన మనలో దీనికి తడబడనివారు అరుదు. “బొంబాయి సెంట్రల్ దగ్గర” అని చెప్పి ఊరకుందుము. మేమును అట్లే చెప్పియున్నాము.

ఈ మాట ‘తగును’ అను అర్థముగల లాటిను క్రియనుండి పుట్టినది. గౌరవమును చెప్పు ‘డిగ్నిటీ’ అను మాటకును అదియే మూలధాతువు. ఇంగ్లీషులోనికి 16వ శతాబ్దమున వచ్చినపుడు, తన అంతస్తునకు తగినట్లుండుట అని దీని భావము. పిదప ఒంటిమీద బట్ట సరిగా నుండుట, బూతులాడకుండుట అనునంతవరకు వచ్చినది. ఇప్పుడు డీసెంటు జీతమన్నచో చాలినంత జీతమనియే! మన ‘మర్యాద’ దారి వేరు. సంస్కృతమున దానికి హద్దు అని అర్థము. సముద్రమునకు చెలియలికట్ట వంటిది. ఆ మాట తగునా అని అడుగును, ఈ మాట గీత యెక్కడ అని అడుగును. మన చాల్ గడపలవద్ద మాత్రము రెండును కలిసి ఒకే తలుపు మూసినవి.

ఈ పేటకు పేరిచ్చినవారు కామాటీలు. 18వ శతాబ్దము చివరినుండి నిజాం రాజ్యము విడిచి వచ్చి, రాయి మోసి, మట్టి తవ్విన తెలుగు కూలీలు. 19వ శతాబ్దమున ఇచ్చట వేశ్యావాటిక పెరిగినది. యూరపు స్త్రీలుండిన వీధిని సఫేద్ గల్లీ అనిరి. సిపాయిలకు రోగములు రాకుండుటకని 1868లో చేసిన చట్టము ఆ వృత్తిలోని స్త్రీలను రిజిస్టరులో వ్రాయించి, వైద్యపరీక్షకు లాగినది; పురుషుల జోలికి పోలేదు. 1888లో చట్టము రద్దయినది. ముద్ర మాత్రము స్త్రీలమీదను, సందులమీదను నిలిచినది.

మా చిన్ననాటి మాట. నల్లావద్ద మా అమ్మ తెలుగు విని, వెనుక సందు స్త్రీ యొకతె బిందె దించి, “అక్కా, మీదే ఊరు? మాది కరీంనగరం” అన్నది. అమ్మ కొంగు సవరించుకొని, బదులు పలుకక వచ్చివేసినది. “మర్యాదస్తులము, వాళ్లతో మాటలేమిటి?” అని మమ్ము కసరినది. అమ్మదియు ఆ జిల్లాయే.

ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. చీకటిపడిన పిదప మా మెట్లెక్కి వచ్చి తలుపులు తట్టిన త్రాగుబోతులను మేమెరుగుదుము. ఇంట ఎదిగిన ఆడపిల్లలుండిరి. ఆ భయము కల్ల కాదు. అయినను, ఆ స్త్రీ అడిగినది ఊరిపేరే కదా! దానికి బదులు చెప్పుట ఏ అంతస్తునకు తగని పని?

మొన్న మా అమ్మాయి సంబంధమునకు వచ్చినవారు ఆ ప్రశ్నయే వేసిరి. కామాఠీపురా అని, సందు సంఖ్యతోసహా చెప్పితిమి. వారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత చాయ త్రాగిరి.