అమ్మేస్తే అయిపోతుందా?

విజయవాడ ఆటోనగర్లో లారీకి ఇంజనాయిల్ మార్చడం ఎవరూ ఆగి చూసే పని కాదు. ముందు కాసేపు ఇంజను నడుపుతారు. వేడెక్కిన ఆయిల్ పలచబడి, లోపలి మసిని కూడా వెంటేసుకుని త్వరగా దిగుతుంది. ఛాంబరు కింద డబ్బా పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పుతారు. పాత ఫిల్టరు తీసి, అందులో మిగిలింది కూడా వంచేస్తారు. బండిని బట్టి 15 నుంచి 30 లీటర్ల దాకా నల్లటి ద్రవం. కొత్తగా పోసే ఆయిల్ గురించి ఏదడిగినా మేస్త్రీ చెప్తాడు: ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు, మళ్ళీ ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలి. దిగిన ఆయిల్ ఎక్కడికి పోతుందని అడిగితే మాత్రం, "పట్టుకెళ్ళేవాళ్ళు వస్తారండీ" అంటాడు.

ఆ జవాబులో అబద్ధం లేదు. నిజంగానే వస్తారు. డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్తారు. ఆలోచించాల్సిన సంగతి కూడా అక్కడే ఉంది. ఒక ప్రమాదకరమైన వస్తువుని అమ్మినప్పుడు దానితో మన సంబంధం ఎక్కడ తెగుతుంది? డబ్బు చేతిలో పడగానేనా?

కాలుష్యం అనగానే మనకి తోచేది పారబోయడం. మురిక్కాలవలోకో, షెడ్డు వెనక మట్టిలోకో ఒంపేయడం. అది జరగదని కాదు. ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల పాత ఇంజనాయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. ఒక లారీ ఛాంబరుకి లెక్క ఎవరికి వాళ్ళు వేసుకోవచ్చు. అయితే పారబోయడం తప్పని ఒప్పుకోవడానికి పెద్ద తర్కం అక్కర్లేదు. పైగా ధర పలికే సరుకుని ఊరికే పారబోసేదెవరు? మన దగ్గర పాత ఆయిల్ ఏదో ఒక పనికి పోతూనే ఉంటుంది. లారీ కమాన్ పట్టీలకి తుప్పు పట్టకుండా పూస్తారు. గుంజలకీ దూలాలకీ చెద పట్టకుండా రాస్తారు. స్లాబు వేసేముందు కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ పలకలకి పులుముతారు. కొలుముల్లో, బట్టీల్లో కాలుస్తారు. వడగట్టి, రంగు కలిపి, కొత్త డబ్బాల్లో పోసి మళ్ళీ ఇంజనాయిల్‌గా అమ్మేవాళ్ళూ ఉన్నారు.

ఆ చివరిది పక్కా మోసం. దాన్ని వదిలేస్తే మిగతావన్నీ మనం చిన్నప్పట్నుంచీ మంచిదని విన్న గుణానికి ఉదాహరణలే: దేన్నీ వృథా పోనివ్వకపోవడం. చిరిగిన చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. అన్నం గంజి పశువుల కుడితిలోకి, పేడ పొయ్యిలోకి, బూడిద గిన్నెలు తోమడానికి. ఈ పొదుపు మీద నాకు చాలా గౌరవం ఉంది. పేదరికం నేర్పిన విద్యే కావచ్చు, కానీ విద్యే. ఈ పద్ధతికి ఒక రహస్య షరతు ఉండేది. వస్తువు ఎన్ని చేతులు మారినా చివరికి మట్టి దాన్ని తినేసేది. ఎడ్లబండి ఇరుసుకి పెట్టిన ఆముదం కందెన దారిపొడుగునా కారినా నేల దాన్ని జీర్ణం చేసుకునేది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్న సామెత పుట్టిన కాలంలో, కారిన కందెన ఏమైందని ఎవరూ అడగక్కర్లేకపోయింది. ఇంజనాయిల్ దగ్గర ఆ షరతు తప్పింది. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ నలుపులో ఏముందో చూద్దాం. డీజిల్ ఇంజన్లో ఆయిల్ పోసిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. చెడిపోయిందని కాదు, పని చేస్తోందని అర్థం. మసి ఇంజను గోడలకి అంటుకోకుండా తనలో తేల్చి పెట్టుకోవడానికి అందులో డిటర్జెంట్లు కలుపుతారు. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలని విరచడానికి కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అరుగుదల తగ్గించడానికి జింకు, ఫాస్ఫరసు ఉన్న రసాయనాలు ఉంటాయి. వేల కిలోమీటర్లు తిరిగాక వీటికి ఇనుము, రాగి, సీసం లాంటి లోహాల రజను తోడవుతుంది. పీఏహెచ్‌లనే హైడ్రోకార్బన్లు కూడా చేరతాయి. పెట్రోలు ఇంజన్లతో పోలిస్తే డీజిల్ వాటిలో ఇవి తక్కువే, కానీ ఉంటాయి. పాత ఇంజనాయిల్ని పదే పదే పూసిన ఎలుకల చర్మం మీద కణుతులు లేచాయని ప్రయోగాలు చెప్తున్నాయి. సెంట్రింగ్ పలకలకి ఉత్త చేతులతో ఆయిల్ పులిమే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇదే డబ్బాలో ఇంకో నిజం కూడా ఉంది. నూనె మురికవుతుందే తప్ప అరిగిపోదు. సరైన కర్మాగారంలో నీళ్ళూ మసీ లోహాలూ తీసేసి శుద్ధి చేస్తే మళ్ళీ పనికొచ్చే బేస్ ఆయిల్ వస్తుంది. ఈపీఏ లెక్క ప్రకారం రెండున్నర క్వార్టుల, అంటే సుమారు 2.4 లీటర్ల లూబ్రికెంటు తీయడానికి 42 గ్యాలన్ల ముడిచమురు కావాలి. అదే పాత ఆయిల్ నుంచైతే ఒక్క గ్యాలను చాలు. ఒకే డబ్బాలో విషమూ ఉంది, సంపదా ఉంది. ఏది ఎంత ఉందో కంటికి తెలీదు. నలుపు అన్నిటినీ ఒకేలా చూపిస్తుంది.

ఆ నలుపు ఎంత దాచగలదో చెప్పడానికి అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని టైమ్స్ బీచ్ అనే చిన్న ఊరి కథ చాలు. 1970లలో ఆ ఊళ్ళో మట్టిరోడ్ల దుమ్ము అణచడానికి పాత ఆయిల్ చల్లించారు. చల్లిన కాంట్రాక్టరు గ్యారేజీల నుంచి ఆయిల్ సేకరించేవాడు. ఒక రసాయన కర్మాగారపు వ్యర్థాలు తీసుకుపోయే పని కూడా అతని చేతికొచ్చింది. రెండూ కలిశాయి. ఆ వ్యర్థాల్లో డయాక్సిన్ ఉంది. అతను 1971లో ఇదే సరుకు చల్లిన గుర్రపుశాలల్లో గుర్రాలు చచ్చిపోయాయి. ఊరి సంగతి తేలడానికి మాత్రం 1982 దాకా పట్టింది. 1983లో ప్రభుత్వం ఊరినే కొనేస్తున్నట్టు ప్రకటించింది. రెండువేల మందికి పైగా ఇళ్ళు వదులుకున్నారు. ఈ కథలో పాత ఆయిల్ని ఎవరూ ఊరికే పారబోయలేదు. గ్యారేజీవాడు వదిలించుకున్నాడు, కాంట్రాక్టరు వాడుకున్నాడు, ఊరు దుమ్ము తగ్గించుకుంది. ప్రతివాడి లెక్కలో అది పొదుపే.

ఇప్పుడు ధర సంగతి. పాత ఆయిల్ కొనేవాళ్ళు ఇద్దరనుకుందాం. ఒకడు దాన్ని శుద్ధి చేసేచోటికి పంపుతాడు. లైసెన్సు, కాగితాలు, రవాణా, మిగిలిన మడ్డిని జాగ్రత్తగా వదిలించుకోవడం, ఇవన్నీ అతని ఖర్చులో ఉంటాయి. రెండోవాడు నేరుగా కొలిమికి పోస్తాడు. అతనికి ఈ ఖర్చులేవీ లేవు. పొగలో పోయే సీసానికి బిల్లు రాదు. కాబట్టి లీటరుకి రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వగలిగేది రెండోవాడే. సంతలో ఎక్కువ ధర ఇచ్చేవాడికి అమ్మడం తెలివి. ఈ ఒక్క సరుకు దగ్గర మాత్రం ఎక్కువ ధర ఎందుకిస్తున్నాడో అని అనుమానపడాలి. ఆ రెండు రూపాయలు ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వస్తున్నాయో అడగాలి.

చట్టం ఈ సంగతి గుర్తించింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో పాత ఆయిల్ ఉంది. 2023లో వచ్చిన సవరణ ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలు అమ్మిన దాంట్లో కొంత శాతం మేరకు పాత ఆయిల్ శుద్ధి జరిగేలా చూడాలి. 5 శాతంతో మొదలై ఏటా పెరుగుతూ 50 శాతానికి చేరాలని లక్ష్యం. మంచి అడుగే. కానీ కంపెనీ ఆఫీసుకీ లారీ ఛాంబరుకీ మధ్య బోలెడు దూరం. ఆ దూరంలో ఉన్నది మేస్త్రీ, ఓనరు, మూత లేని ఒక డబ్బా.

"నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి. టైర్లు, టోళ్ళు, డీజిలు. ఈ డబ్బాకొచ్చే నాలుగు వందల దగ్గర నాకు ధర్మం నేర్పుతారా?" అని లారీ ఓనరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. యాప్‌లో ఆర్డరిచ్చి రేపటికల్లా గుమ్మంలో పార్సిల్ చూసుకునే మనకి ఆయనని అడిగే హక్కు ఇంకా తక్కువ. ఆ లారీ తిరిగేది మన సరుకు కోసమే. తిలాపాపం తలా పిడికెడు. అయితే ఈ సామెతని మనం తరచూ తప్పించుకోడానికి వాడతాం. నీళ్ళమీద నూనె పరుచుకున్నట్టు తప్పు అందరిమీదా పలచగా పరుచుకుంటే, ఎవరి వాటా చూసినా కనపడనంత పలచనే. హన్స్ యోనాస్ అనే తత్త్వవేత్త 1979లో బాధ్యత గురించి రాసిన పుస్తకంలో, సాంకేతికత వల్ల మనిషి చేత ఎంత దూరం పోతుందో బాధ్యత కూడా అంత దూరం పోవాలన్న వాదన చేశాడు. దాన్ని ఆటోనగర్‌కి తెస్తే ఇలా ఉంటుంది: తప్పులో వాటా అందరిదీ కావచ్చు, కానీ డబ్బా ఒకరి చేతిలో ఉన్న ఆ పది నిమిషాల్లో దాన్ని దారి మళ్ళించే శక్తి ఆ ఒకరిదే. మిగతా వాళ్ళ పని, ఆ ఒకరికి సరైన దారి ఖరీదైనది కాకుండా చూడటం.

ఆ పది నిమిషాల్లో చేయాల్సింది వీరోచితమైనదేమీ కాదు. పాత ఆయిల్లో నీళ్ళు, కూలెంటు, థిన్నరు, పెట్రోలు కలపకపోవడం. కలిస్తే శుద్ధి కష్టమవుతుంది, లోపలేముందో తెలుసుకోవడం ఇంకా కష్టమవుతుంది. మూత ఉన్న డ్రమ్ములో పోయడం. కొనడానికి వచ్చినవాడిని ఎక్కడికి తీసుకెళ్తావని అడగడం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందో లేదో చూపించమనడం. ఉన్నవాడు రెండు రూపాయలు తక్కువిచ్చినా అతనికే ఇవ్వడం. ఆ నష్టాన్ని ఓనరు ఒక్కడే భరించాలని నేననను. రవాణా ఖర్చులో వేసి మన దగ్గర వసూలు చేస్తే, సరుకు తెప్పించుకున్నవాళ్ళం ఇచ్చి తీరాలి.

చేతులు దులిపేసుకోవడం అంటాం. ఆటోనగర్ మేస్త్రీలకి తెలుసు, ఈ నలుపు దులిపితే పోదు. రంపపుపొట్టుతోనో, సబ్బుపొడితోనో రుద్దాలి. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో కొంత మిగిలే ఉంటుంది.