కొండెక్కే ముందు

గూడెం కొత్తవీధి కొండలెక్కాలని బయలుదేరుతున్నారా? 2024 సెప్టెంబరు వానలకు ఈ మండలంలోనే చట్రాపల్లి మీద కొండచరియలు విరిగిపడ్డాయి, ప్రాణం పోయింది.

వాతావరణ శాఖ వాన హెచ్చరికలో పసుపు రంగు చూపిస్తే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని అర్థం. సరే, కానీ ఆ రంగు జిల్లా మొత్తానికి. మీరు దాటబోయే గెడ్డ సంగతి అందులో ఉండదు. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. పైన కురిసిన వానకు మోకాలి లోతు గెడ్డ కాసేపట్లో నడుము దాటుతుంది. నీళ్లు ఎర్రబారి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే అడుగు పెట్టకండి.

పిడుగుల కబురుకు దామిని యాప్ మంచిదే, సిగ్నల్ ఉన్నంతవరకు! అందుకే పై ఊళ్ల నుంచి సంతకు దిగే వాళ్లను పలకరించి, "దారి ఎలా ఉందన్నా?" అని అడగండి. వద్దంటే మానేయండి. ఆపదలో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబరు 1070.