వద్దనే హక్కు, సరేననే హక్కు ఒకటేనా?

పోయినేడు పదో తరగతి పిల్లలకు ఈక్వడార్ ఓటు సంగతి చెప్పాను. 2023 ఆగస్టు 20న ఆ దేశంలో ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్ల చేతికి మామూలు బ్యాలెట్‌తో పాటు ఇంకో కాగితం కూడా ఇచ్చారు. యసుని అనే అడవిలో ఒక క్షేత్రం ఉంది, అక్కడి చమురును ఎప్పటికీ భూమిలోనే వదిలేయాలా వద్దా అన్నది అందులోని ప్రశ్న. నూటికి 59 మంది వదిలేయాలన్నారు. అప్పటికే బావులు తవ్వి ఉన్నాయి, చమురు వస్తోంది, ప్రభుత్వానికి డబ్బు వస్తోంది. వస్తున్న డబ్బును కాదనుకుని ఒక దేశం ఓటు వేయడం పిల్లలకు బాగా నచ్చింది. చప్పట్లు కూడా కొట్టారు.

వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం కొట్టలేదు. "ఆ అడవి దగ్గరుండేవాళ్లు ఏమన్నారు సార్?" అంది.

నిజమే చెప్పాల్సి వచ్చింది. ఆ క్షేత్రం ఉన్న ఒరెయానా రాష్ట్రంలో ఎక్కువమంది తవ్వకం సాగాలనే ఓటు వేశారు. "మరి వాళ్ల మాట కాదని పట్నంవాళ్లు ఎట్లా ఆపుతారు?" అంది. ఇంతలో గంట కొట్టారు. బతికిపోయాననుకున్నాను.

కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన ఊళ్లో మన మాటే చెల్లాలని మనం ఇన్నాళ్లుగా అంటున్నాం. 1996 నాటి పీసా చట్టం గురించి, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గురించి యువకులకు చెప్పేటప్పుడు గ్రామసభే పెద్ద అంటాం. అక్కడేమో చమురు ఉన్న ప్రాంతం మాట చెల్లలేదు, మనం చప్పట్లు కొడుతున్నాం. ఇది న్యాయమేనా, లేక మనకు నచ్చిన ఫలితం వచ్చింది గనక న్యాయం అనుకుంటున్నామా?

యసుని అమెజాన్ అడవిలో ఒక భాగం. దాదాపు 10 వేల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఒక్క హెక్టారులో, అంటే రెండున్నర ఎకరాల్లో, 650కి పైగా చెట్ల జాతులను లెక్కపెట్టారు. ఆ అడవి వవొరాని జాతిది. వాళ్లకు బయటివాళ్లతో పరిచయం 1950ల చివర్లో మిషనరీలతో మొదలైంది. పదేళ్లు గడిచాయో లేదో చమురు కంపెనీ వచ్చింది. మిషనరీలే చాలా కుటుంబాలను ఒక చిన్న రిజర్వులోకి తరలించారు, ఖాళీ అయిన నేలలో చమురు వెతుకులాట సాగింది. వవొరానిలకు చుట్టరికం ఉన్న తగాయెరి, తారోమెనానె అనే రెండు గుంపులు మాత్రం బయటివాళ్లతో కలవడానికి ఒప్పుకోలేదు. ఇప్పటికీ అడవి లోపల ఎవరికీ కనపడకుండా బతుకుతున్నాయి.

2007లో అప్పటి అధ్యక్షుడు రఫాయెల్ కొర్రెయా ఐక్యరాజ్య సమితిలో ఒక చిత్రమైన బేరం పెట్టాడు. యసునిలోని ఆ క్షేత్రంలో దాదాపు 85 కోట్ల పీపాల చమురు ఉంది, దాని విలువలో సగం, 360 కోట్ల డాలర్లు, ప్రపంచం ఇస్తే మేము తవ్వం అన్నాడు. ఆరేళ్లలో చేతికొచ్చింది 1.3 కోట్ల డాలర్లు. 2013 ఆగస్టులో బేరం రద్దు చేసి తవ్వకానికి సిద్ధమయ్యాడు. యువకులు ప్రజల ఓటు కావాలని ఊరూరా తిరిగి ఏడున్నర లక్షల సంతకాలు తెచ్చారు. ఎన్నికల మండలి వాటిలో సగానికి పైగా కొట్టేసింది. కాగితం కొలత సరిగా లేదన్నది కూడా ఒక కారణం. పోడు పట్టా దరఖాస్తులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 2016లో చమురు బయటికి రావడం మొదలైంది. రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్‌కు అనుమతి ఇచ్చేసరికి 2023 మే వచ్చింది.

ఇక ఒరెయానా సంగతి. అక్కడివాళ్లకు చమురు చేసే కీడు తెలియదా? మనకన్నా బాగా తెలుసు. ఆ ప్రాంతంలోనే 1964 నుంచి పాతికేళ్ల పైగా టెక్సకో కంపెనీ పని చేసింది. చమురుతో పాటు పైకొచ్చే ఉప్పు నీటిని, వ్యర్థాలను అడుగున ఏ పొరా వేయని గుంటల్లో పోశారు, వాగుల్లోకి వదిలారు. అందులో ప్రభుత్వ కంపెనీకీ వాటా ఉంది. తర్వాత టెక్సకో దాదాపు 4 కోట్ల డాలర్లతో కొన్ని గుంటలు శుభ్రం చేసింది, ఇక మీ బాధ్యత తీరిందని 1998లో ప్రభుత్వం సంతకం పెట్టి ఇచ్చింది. ఊళ్లవాళ్లు కోర్టుకు వెళ్లారు. 2011లో ఈక్వడార్ కోర్టు, అప్పటికి టెక్సకోను కొనేసిన షెవ్రాన్ కంపెనీపై భారీ పరిహారం విధించింది. పైకోర్టు దాన్ని 950 కోట్ల డాలర్లకు ఖరారు చేసింది. 2014లో అమెరికా కోర్టు ఆ తీర్పును మోసంతో సంపాదించారని తేల్చింది. 2018లో హేగ్‌లోని మధ్యవర్తుల మండలి కూడా కంపెనీ వైపే నిలిచింది. లాయర్ల తప్పొప్పులు ఏవైనా కానీ, గుంటల పక్కన కాపురం ఉన్నవాళ్లకు ఆ పరిహారం అందలేదు. సంతకం పెట్టిన ప్రభుత్వమూ జవాబు చెప్పలేదు.

ఇదంతా కళ్లారా చూసినవాళ్లే చమురు కావాలన్నారు. అమ్ముడుపోయారని ఒక్క మాటలో తీసిపారేయడం తేలిక. ఆ మాట అనేముందు ఒకసారి మన వైపు చూడండి. పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లు మన ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. అలాంటి ఊరికి ఒక కంపెనీ వచ్చి రోడ్డు వేస్తాం, ఆసుపత్రి పెడతాం, ఇంటికొక ఉద్యోగం ఇస్తాం అంటే, ఆ ఊరు ఏమనాలి? చమురు నేలల్లోని వవొరాని ఊళ్లలో బడి, వైద్యం, కూలిపని చాలావరకు కంపెనీల చేతి మీదుగానే వచ్చాయి. ప్రభుత్వం ఇవ్వాల్సింది కంపెనీ ఇచ్చినప్పుడు, ఊరు ప్రభుత్వాన్ని నిలదీయడం మానేసి కంపెనీ మొహం చూస్తుంది. అప్పుడు అడిగే సమ్మతి సమ్మతి కాదు. ఆకలితో ఉన్నవాణ్ణి భూమి అమ్ముతావా అని అడగడం లాంటిది.

అందుకే వద్దనడమూ సరేననడమూ ఒకే తూకం కావని నాకు అనిపిస్తుంది. నియమగిరి తీసుకోండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. ఒడిశా ప్రభుత్వం కొండ చుట్టూ ఉన్న వందకు పైగా ఊళ్లలో 12 ఊళ్లను మాత్రమే ఎంచింది. జిల్లా జడ్జి సమక్షంలో సభలు జరిగాయి. 12కి 12 వద్దన్నాయి. ఆ మాటతో కొండ నిలిచింది. రేపు మనసు మారితే మళ్లీ మాట్లాడుకోవచ్చు, బాక్సైట్ ఎక్కడికీ పోదు. అదే సరేనని ఉంటే, తవ్విన కొండను తిరిగి పెట్టే గ్రామసభ ఏదీ లేదు. సరేనన్న మాట ఇప్పుడు చేయెత్తినవాళ్లతో ఆగదు. పుట్టబోయే పిల్లల తరఫున కూడా చెప్పినట్టే అవుతుంది. యసునిలో అయితే బ్యాలెట్ కాగితం అంటే ఏమిటో తెలియని తగాయెరి, తారోమెనానెల తరఫున కూడా చెప్పినట్టే. వాళ్లు ఎన్నడో చెప్పేశారు, మా జోలికి రావద్దని. అడవి లోపలికి వెళ్లిపోవడమే వాళ్ల ఓటు. ఒరెయానాలో చేయెత్తినవాళ్లు ఎంతమందైనా, ఆ ఓటును కొట్టేసే హక్కు వాళ్లకు లేదు.

అలాగని దేశమంతా ఓటేస్తే అదే న్యాయమని కాదు. ఈసారి మెజారిటీ అడవి వైపు ఉంది. మెజారిటీ డ్యాము వైపు ఉంటే? 2014లో పోలవరం ముంపు మండలాలు ఏడింటిని తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ ఊళ్లవాళ్లను ఓటు అడగలేదు. రెండు రాష్ట్రాలనూ అడిగినా మనం గెలిచేవాళ్లం కాదు, లెక్కలో మనం ఎంతని? కాబట్టి యసునిలో 59 శాతం అన్న అంకెను చూసి మురిసిపోవడం నాకు భయంగానే ఉంటుంది. ఆ ఫలితం సరైనది కావడానికి కారణం ఎక్కువమంది చెప్పారని కాదు. ఇల్లు పోగొట్టుకునేవాళ్లు అప్పటికే వద్దని ఉన్నారు, దేశం వాళ్లకు తోడు నిలిచింది.

ఇంకో చిక్కు ఉంది. యసునిలో తవ్వుతున్నది ప్రైవేటు కంపెనీ కాదు, ప్రభుత్వ కంపెనీయే. 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజన భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. మనకది పెద్ద అండ. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు దారి వదిలింది. ప్రైవేటువాడు తవ్వితే కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం. తవ్వేది, అనుమతి ఇచ్చేది, కాలుష్యం కొలిచేది, ఫిర్యాదు తీసుకునేది అన్నీ ఒకే చెయ్యి అయినప్పుడు ఎవరి ముందు కూర్చోవాలి? 2008 నాటి ఈక్వడార్ రాజ్యాంగం ప్రకృతికే హక్కులు ఇచ్చింది, ఒంటరి జాతుల నేలలో తవ్వకాన్ని నిషేధించింది. ఆ రాజ్యాంగం తెచ్చిన కొర్రెయాయే తవ్వమన్నాడు.

ఆ అమ్మాయి ప్రశ్నలో సగానికే ఇప్పటిదాకా జవాబు చెప్పాను. మిగతా సగం డబ్బు సంగతి. కీటో నగరంలో కూర్చుని అడవిని కాపాడదామని ఓటు వేయడానికి ఖర్చేమీ కాదు. ఆయిల్ క్యాంపులో కూలిపోయేది ఒరెయానాలో. వద్దన్న 59 మంది ఆ 41 మందికి బాకీ పడ్డారు. డాక్టరు, టీచరు, మంచినీళ్లు, పని — కంపెనీ ఇచ్చినవన్నీ ఇప్పుడు దేశం ఇవ్వాలి, దయగా కాదు, బాకీగా. తవ్వకం ఆపితే ఏడాదికి 100 కోట్ల డాలర్లకు పైగా నష్టమని ప్రభుత్వం ఓటుకు ముందు లెక్క చెప్పింది. చమురు వచ్చిన ఏళ్లలో ఆ డబ్బు నుంచి ఒరెయానాకు చేరిందెంతో కూడా అదే నోటితో చెప్పి ఉంటే బాగుండేది.

ఓటు తర్వాత ఏం జరిగిందంటే, ఏడాదిలోగా క్షేత్రం మూయాలని న్యాయస్థానం చెప్పింది. 2024 ఆగస్టులో గడువు ముగిసేనాటికి 240కి పైగా బావుల్లో ఒక్కదాన్ని మూసే పని మొదలైంది. మొత్తం మూయడానికి 2029 దాకా పడుతుందని ప్రభుత్వం అంది. 2025 మార్చిలో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు బయటికొచ్చింది. తగాయెరి, తారోమెనానెల హక్కులను కాపాడలేకపోయినందుకు ఈక్వడార్ ప్రభుత్వమే బాధ్యురాలని, ప్రజల ఓటును అమలు చేయాలని చెప్పింది.

మొన్న సంతలో ఆ అమ్మాయి కనిపించింది. ఇంటర్‌లో చేరిందట. అడ్డాకుల కట్టల పక్కన నిలబెట్టి ఇదంతా చెప్పాను, పాపం ఓపిగ్గానే విన్నది. బావులు మూసేది ఎప్పుడు సార్ అని అడిగితే 2029 అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"అప్పటికి నేను డిగ్రీలో ఉంటాను. అప్పుడు అడుగుతాను సార్, మూశారా అని. ఆసుపత్రి పెట్టారా అని కూడా" అంది.