గౌరవము తగ్గితే కోపమెందుకు?



బాగేపల్లిలోనైనా, చింతామణిలోనైనా, చిక్కబళ్ళాపురములోనైనా మన ఇండ్లలో పెండ్లి జరిగితే ఈ మాట వినబడుతుంది: "పత్రికలో నా పేరు వేయలేదు, నేను రాను." వచ్చినా, ముందు వరుసలో కుర్చీ వేయలేదని భోజనము చేయకుండా వెళ్ళిపోయే పెద్దలున్నారు. ఆ రాత్రి వారి ఇంట్లో మాటలుండవు. భార్యాబిడ్డలు బిక్కుబిక్కుమంటూ ఉంటారు. ఇది వట్టి కోపిష్టితనమేనా?

ఎస్తేరు గ్రంథము 5వ అధ్యాయములోని హామానును చూడండి. రాణి విందుకు పిలిచిందని సంతోషముతో బయలుదేరాడు. రాజు గుమ్మమునొద్ద మొర్దెకై లేచి నిలబడలేదు. అంతే, సంతోషము పోయి కోపము వచ్చింది. ఇంటికి పోయి తన ఐశ్వర్యమును, కుమారులను, పదవిని లెక్కపెట్టి చెప్పుకున్నాడు. అయినా ఒక్క మనిషి వంగనందున అన్నీ చేదైపోయాయి.

ఇటువంటి స్వభావమును మనస్తత్వ శాస్త్రము ఆత్మమోహమంటుంది. అది రెండు విధములు. ఒకటి గొప్పలు చెప్పుకొనేది. రెండవది లోలోపల బెదురుతూ, చిన్న మాటకే నొచ్చుకొనేది. కోపము, సిగ్గు, దిగులు ఈ రెండవదానితోనే ఎక్కువగా కలిసి ఉంటాయి. అభిమానము దెబ్బతిన్నప్పుడు పగతో కూడిన క్రోధము పుడుతుందని హైంజ్ కోహుట్ అనే వైద్యుడు 1972లో వ్రాశాడు. 1998లో బుష్మన్, బామీస్టర్ అనే పరిశోధకులు కొందరి చేత వ్యాసములు వ్రాయించి, కొన్నింటిని కఠినముగా విమర్శించారు. తరువాత విమర్శించినవానికి పెద్ద శబ్దము వినిపించే అవకాశమిచ్చారు. ఆత్మమోహము ఎక్కువగా ఉన్నవారే, తమను అవమానించినవాని మీద, ఎక్కువ కఠినముగా ప్రవర్తించారు. తన విలువ తానెరిగియుండుట మాత్రము అటువంటి కోపమునకు కారణము కాలేదు.

అయితే ఇది జబ్బా, తప్పా? నొచ్చుకొనుట మన చేతిలో లేకపోవచ్చును. కాని ఆ నొప్పిని ఇంటిల్లిపాదికీ పంచుట మన చేతిలో ఉన్నదే. మన సంతోషపు తాళపుచెవిని ఇతరుల నమస్కారములో పెట్టినంతకాలము మనము స్వతంత్రులము కాము.

కోపము వచ్చిన ప్రతివానికి ఈ పేరు తగిలించవద్దు. అది వ్యాధి అవునో కాదో చెప్పవలసినది వైద్యుడు. దిగులు వారాల తరబడి విడువకపోతే బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోటికి వెళ్ళుటకు సిగ్గుపడనక్కరలేదు. అటువంటివారిని అతిగా పొగడవద్దు, నలుగురిలో కించపరచవద్దు. ఒంటరిగా కూర్చోబెట్టి మెల్లగా చెప్పండి.

ముందుగా మనలను మనమే అడుగుకొందాము: ఈ వారము నా ముఖము మాడినప్పుడు, నిజముగా నాకు అన్యాయము జరిగిందా? లేక ఎవరో లేచి నిలబడలేదా?